వంశాన్ని నిందించవద్దు, వైద్యం ఆపవద్దు

చక్కగా చదివే పిల్లవాడు ఉన్నట్టుండి తనలో తానే మాట్లాడుకోవడం ఉపాధ్యాయులమైన మేము చూశాం. ‘ఎవరి వంశంలో ఉంది?’ అన్న ప్రశ్నకు భయపడి, ఆడపిల్లల సంబంధాలు తప్పుతాయని ఇంటివారు స్కిజోఫ్రేనియాను దాచారు.

వంశం పాత్ర కొంత నిజమే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి రావచ్చు. మిగతా తొమ్మిదిమందికి రాదు.

యుక్తవయసులో మెదడు కణాల మధ్య అక్కరలేని లంకెలు తొలగిపోతాయి. సీ4 జన్యువు ఎక్కువగా పనిచేస్తే ఈ కోత మితిమీరవచ్చని 2016లో శాస్త్రవేత్తలు సూచించారు. కలుపుతోపాటు వరిమొక్కా పోయినట్లన్నమాట. ఇలాంటి జన్యువులు ఎన్నో. ఏ ఒక్కటీ బిడ్డ భవిష్యత్తును నిర్ణయించదు.

దివిసీమ నుంచి బెజవాడ పెద్దాసుపత్రికి వస్తే ఆ రోజు కూలి పోతుంది. రాకపోతే మందు ఆగుతుంది, జబ్బు తిరగబెడుతుంది. మీ సదఖాలో ఒక పాలు ఆ దారిఖర్చుకు కేటాయించండి. సలహాకు టెలీమానస్ 14416 ఉచితం.