రేడియో విమానము - తొలి పాఠము

పరిశ్రమల నడుమ పెరిగిన పటాన్‌చెరు విద్యార్థికి యంత్రము క్రొత్త కాదు. అయినను రేడియో సంకేతములతో ఎగురు చిన్న విమానమును తొలిసారి చేపట్టిననాడు విద్యార్థులతోపాటు మేమును తడబడితిమి.

తీగ లేకయే దూరమున నున్న వస్తువును నడుపవచ్చునని 1898లో న్యూయార్కు నగరమున నికోలా టెస్లా ఒక చిన్న పడవతో చూపెను. సూత్రము నేటికిని అదే. మీటను కదపగా వెలువడిన సంకేతమును విమానములోని రిసీవరు అందుకొని, చిన్న మోటార్లచే తోకను, రెక్కల అంచులను త్రిప్పించును.

నేర్చుకొనువారికి రెక్క పైభాగమున అమర్చిన విమానమే తగినది. రెక్క కొనలు కొంచెము పైకి లేచియుండుటచే, అది ఒరిగినను మీటలు వదలినచో చాలవరకు తనంతట తానే సర్దుకొనును. యుద్ధవిమానపు ఆకారముపై మోజుపడి డబ్బు పాడుచేసుకొనరాదు.

అసలు చిక్కు మలుపులో నున్నది. విమానము మనకు తోక చూపి పోవునంతసేపు కుడి కుడియే. మనవైపు తిరిగి వచ్చునపుడు దాని కుడి మనకు ఎడమ యగును. ఉర్దూను కుడినుండి, తెలుగును ఎడమనుండి వ్రాయు మన విద్యార్థులకు ఇది సులభమనుకొంటిమి. చేతికి ఆ సంగతి తెలియలేదు. వారు చందాలు వేసుకొని కొన్న విమానము మా చేతిలోనే మనకు ఎడమగా ఒరిగెను. మీటను కుడికి నెట్టితిమి. అది మరింత ఒరిగి బీడులో కూలెను. ఆ సాయంత్రము ఎవరును మమ్ము ఏమియు అనలేదు. అదియే ఎక్కువ బాధించెను.

ఉపాయము తరువాత తెలిసినది. విమానము ఎదురుగా వచ్చునపుడు క్రుంగిన రెక్క ఏ ప్రక్కన కనబడునో ఆ ప్రక్కకే మీటను నెట్టవలెను, రెక్క క్రింద చేయి పెట్టి లేపినట్లు. భయపడి ముక్కును పైకెత్తుట రెండవ తప్పు. వేగము తగ్గి రెక్క గాలిపై పట్టు కోల్పోవును. అపుడు ముక్కు దించి మోటారు వేగము పెంచవలెను. దిద్దుకొను వ్యవధి కావలెనన్న ఎత్తు కావలెను. ఎగురుటయు దిగుటయు గాలికి ఎదురుగానే.

మన ప్రాంతమున మరియొక జాగ్రత్త కలదు. భానూరులో భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారములో ఆయుధ కర్మాగారము, దుండిగల్‌లో వాయుసేన అకాడమీ ఉన్నవి. 2021 డ్రోన్ నియమములు ఆకాశమును ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగా విభజించినవి. ఎరుపు మండలమున కేంద్రప్రభుత్వ అనుమతి లేక ఎగురవేయరాదు. పటము చూచిన పిదపనే మైదానము నెంచుకొనవలెను. విద్యుత్తు తీగలకు, జనులకు దూరముగా అట్టి స్థలమును కళాశాల కమిటీవారు చూపినచో మేలగును.

విరిగిన ముక్కును విద్యార్థులే అతికించిరి. మరుసటి ఆదివారము వారు మాకు మీటలు ఇవ్వలేదు. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో చెప్పు పని మాత్రము మాకు అప్పగించిరి.