తనంత తాను మోగే వలయం

సభలలో మైకును లౌడుస్పీకరుకు ఎదురుగా పెట్టినప్పుడు చెవులు చిల్లులు పడేలా కూత వినిపించడం మనందరికీ అనుభవమే. స్పీకరు నుంచి వెలువడిన ధ్వని మైకులో ప్రవేశించి, మరింత పెరిగి, మళ్ళీ స్పీకరును చేరుతుంది. ఎవరూ పాడకున్నా యంత్రమే పాడుతుంది. ఇంజనీర్లు దీనిని ఫీడ్‌బ్యాక్ అంటారు. మనకు విసుగు పుట్టించే ఈ దోషమే రేడియో ప్రసారానికి ప్రాణమైంది.

1912లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆడియన్ అనే వాక్యూమ్ ట్యూబుతో ప్రయోగాలు చేస్తున్నాడు. ట్యూబు నిర్గమం నుంచి వెలువడే విద్యుత్తులో కొంత భాగాన్ని తీగచుట్ట ద్వారా తిరిగి దాని నివేశానికే అందించాడు. అంతవరకు లీలగా వినిపించిన దూరకేంద్రాల సంకేతాలు బిగ్గరగా వినవచ్చాయి. ఆ భాగాన్ని ఇంకా పెంచగా మరొక వింత జరిగింది. బయటి సంకేతమేదీ లేకుండానే ట్యూబు తనంత తానుగా అధిక పౌనఃపున్య తరంగాలను పుట్టించసాగింది. వర్ధకం డోలకమైంది.

డోల అంటే ఊయల. ఈ పరికరానికి డోలకమని పేరు పెట్టినవారెవరో గాని, చక్కగా పెట్టారు. ఊయలను ఒకసారి ఊపి వదిలితే కాసేపటికి ఆగిపోతుంది. అది వెనుకకు వచ్చి ముందుకు మరలే క్షణాన మెల్లగా తోస్తే చాలు, ఊగుతూనే ఉంటుంది. డోలకంలో తీగచుట్ట, కెపాసిటరు కలిసి ఊయల. ట్యూబో, ట్రాన్సిస్టరో దానిని తోసే చేయి. వేళ తప్పి తోస్తే ఊయల నిలిచిపోతుంది. కనుక వలయ నిర్మాతకు బలం ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే ముఖ్యం. ఊగే వేగాన్ని చుట్ట, కెపాసిటరు విలువల లబ్ధం నిర్ణయిస్తుంది. పౌనఃపున్యం రెట్టింపు కావాలంటే ఆ లబ్ధాన్ని నాలుగో వంతుకు తగ్గించాలి. వేడికి ఈ విలువలు మారి పౌనఃపున్యం జరిగిపోతుంది. అందుకే 1920ల నుంచి స్థిరత్వం కోసం క్వార్ట్జ్ స్ఫటికాన్ని వాడసాగారు.

డోలకం ఇచ్చే శక్తి స్వల్పం. దానిని ఏరియల్‌కు తగినంతగా పెంచేది శక్తి వర్ధకం. చిత్రమేమంటే, ఇక్కడ ఫీడ్‌బ్యాక్ శత్రువు. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేసే వలయంలో రెండంగుళాల తిన్నని తీగ కూడా చుట్టవలె ప్రవర్తిస్తుంది. పక్కపక్కనున్న రెండు లోహపు భాగాలు కెపాసిటరు అవుతాయి. ఈ దొంగదారుల వెంట నిర్గమశక్తి నివేశాన్ని చేరితే వర్ధకం కోరని పౌనఃపున్యాలలో కూయసాగుతుంది. ఇతరుల ప్రసారాలు చెడతాయి. ట్రాన్సిస్టరు కాలిపోనూ వచ్చు. కనుక తీగలను కురచగా ఉంచి, నివేశ నిర్గమాల నడుమ లోహపు తెర అమర్చుతారు. అదీ చాలకపోతే, దొంగదారిన వచ్చేదానికి సరిగ్గా వ్యతిరేకమైన విద్యుత్తును కావాలనే పంపి దానిని రద్దు చేస్తారు.

ఆడియన్‌ను కనిపెట్టిన లీ డి ఫారెస్ట్, ఫీడ్‌బ్యాక్ వలయం కూడా తనదేనన్నాడు. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యంలో 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పునిచ్చింది. ఆ ఏడాదే ఆర్మ్‌స్ట్రాంగ్ రేడియో ఇంజనీర్ల సంస్థ సమావేశానికి వెళ్ళి, ఈ ఆవిష్కరణకు గాను ఆ సంస్థ పూర్వం తనకిచ్చిన పతకాన్ని తిరిగి ఇవ్వబోయాడు. సంస్థ దానిని పుచ్చుకోలేదు.