అక్కను నొప్పించిన ఆట అచ్చుకెక్కాలా?

సమస్య:

మాది రాజమహేంద్రవరం. నా వయసు 29, ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం. డిగ్రీ నాటి స్నేహితురాలూ నేనూ కలిసి, ఇంట్లో పదిమంది చేరినప్పుడు ఆడుకునే తెలుగు కార్డుల ఆట ఒకటి తయారుచేశాం. మొత్తం 120 కార్డులు. ఒకరు ప్రశ్న కార్డు తీసి పైకి చదువుతారు: "సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడు అలిగాడు, ఎందుకంటే..." మిగతావాళ్లు చేతిలో ఉన్న జవాబు కార్డుల్లో ఒకటి బోర్లా వేస్తారు. చదివినవాళ్లకు ఏది బాగా నవ్వు తెప్పిస్తే అది వేసినవాళ్లకు పాయింటు.

దసరాకు మా ఇంట్లో అందరం కూర్చుని ఆడాం. "పెళ్లెప్పుడని అడిగించుకోవడానికే ఫంక్షన్లకు వచ్చే ఆవిడ" అన్న కార్డు పడింది. అందరూ మా అక్క వైపు చూసి పగలబడి నవ్వారు. అక్కకు 36, పెళ్లి కాలేదు. తనూ నవ్వింది గానీ, కాసేపటికి లేచి లోపలికి వెళ్లి మళ్లీ ఆటకు రాలేదు. ఆ రోజు నుంచి నాతో ముభావంగా ఉంటోంది. ఆ కార్డు తీసేద్దామంటే నా స్నేహితురాలు ఒప్పుకోవడం లేదు. "అవే మన ఆటకు మసాలా. అమెరికాలో కార్డ్స్ అగైన్‌స్ట్ హ్యుమానిటీ అనే ఆట అలాంటి వాటితోనే అమ్ముడుపోయింది" అంటోంది.

ప్రెస్సు వాళ్లు 1,000 పెట్టెలకు 2,40,000 రూపాయలు అడిగారు. సగం నా దాచుకున్న డబ్బు. మిగతా సగానికి అమ్మ తన గాజులు తాకట్టు పెట్టుకోమంటోంది. ధర 499 అనుకున్నాం. గిఫ్ట్ షాపు ఆయన 40 శాతం తనకు వదిలితే పెడతానన్నారు. కొన్ని కార్డుల మీద సినిమా హీరోల ఫొటోలు కూడా వేశాం. నాన్న మాత్రం "ఇంత చదివి పేకముక్కలు అమ్ముతావా" అంటున్నారు. సంక్రాంతిలోపు ఆర్డరు ఇవ్వాలి. ఏం చేయమంటారు?

– పేరు రాయవద్దు

సలహా:

అమ్మా, ఆ కార్డు తీసేయండి. అంతకంటే ముందు అక్క దగ్గర కూర్చుని, నొప్పించినందుకు క్షమించమని అడగండి. ఆ మాటల్లో వ్యాపారం ప్రస్తావన రానివ్వకండి.

మీ స్నేహితురాలు చెప్పిన అమెరికా ఆట కథ సగమే. ఇలినాయ్ రాష్ట్రంలో ఒకే హైస్కూల్లో చదివిన 8 మంది మిత్రులు కొత్త సంవత్సరం పార్టీ కోసం దాన్ని అల్లుకున్నారు. 2010 డిసెంబరులో జనం నుంచి ముందే డబ్బు సేకరించే వెబ్‌సైటు కిక్‌స్టార్టర్‌లో 4,000 డాలర్లు అడిగితే 15,000 దాటి వచ్చాయి. కొనేవాళ్లు ముందే డబ్బు కట్టాక 2011లో ఆట మార్కెట్లోకి వచ్చింది. అంతేకాదు, కార్డులను ఎవరైనా ఉచితంగా దింపుకుని, ప్రింటు తీసుకుని ఆడుకోవచ్చు. అది పెద్దవాళ్ల కోసమే చేసిన ఆట. ఒకే ఈడు స్నేహితులు ఆడుకుంటారు. అయినా బాధపెడుతున్నాయని తేలిన కొన్ని కార్డులను తయారుచేసినవాళ్లే తర్వాత తీసేశారు. మన ఇళ్లలో అదే చాప మీద మామ్మ, బావ, పదేళ్ల పిల్ల, పెళ్లికాని అక్క అందరూ ఉంటారు. ఇలాంటి ఆటను ఒకరింట్లో ఆడినవాళ్లు తమ ఇంటికీ కావాలనుకుని కొంటారు. ఒక్కరు నొచ్చుకుని లేచిపోయిన ఇంట్లో ఆ పెట్టెను రెండోసారి బయటికి తీయరు. మీ అమ్మకం అక్కడే ఆగిపోతుంది.

మసాలా తగ్గించమని నేను అనడం లేదు. నవ్వు ఎవరి మీద పడుతోందో చూసుకోమంటున్నాను. "పెళ్లెప్పుడని అడగడానికే ఫంక్షన్లకు వచ్చే పిన్నిగారు" అని తిప్పి రాయండి. సరదా అంతే ఉంటుంది, అక్క కూడా మనసారా నవ్వుతుంది. యాస మీద, ఒంటి రంగు మీద, పిల్లలు లేకపోవడం మీద, కులం మీద ఉన్న కార్డులన్నీ ఇదే కంటితో మళ్లీ చదవండి. తిప్పి రాయడానికి వీల్లేనివి తీసేయండి. పన్నెండు తీయగలిగితే 108 మిగులుతాయి. పేకముక్కలు వేసే చాలా ప్రెస్సుల్లో ఒక షీటుకు 54 కార్డులు కూర్చుతారు. 108 అంటే సరిగ్గా రెండు షీట్లు. 120కి మూడో షీటు ఖర్చు పడుతుంది. ఆ లెక్కతో ప్రెస్సు వాళ్లను మళ్లీ ధర అడగండి.

ఇక డబ్బు సంగతి. 499లో షాపుకు 40 శాతం పోతే మీకు వచ్చేది 299. పెట్టె ఖర్చు 240. మిగిలిన 59లోనే జీఎస్టీ, రవాణా, నలిగిపోయిన పెట్టెల నష్టం అన్నీ పోవాలి. షాపుల ద్వారానే అమ్మితే పెట్టుబడి వెనక్కి రావడానికే 800 పైచిలుకు పెట్టెలు అమ్ముడుపోవాలి. బయటివాళ్లు ఒక్కరూ ఆడి చూడని ఆట మీద అమ్మ గాజులు పెట్టకూడదు. 50 పెట్టెలు డిజిటల్ ప్రింటు వేయించండి. ఒక్కో పెట్టెకు ఖర్చు ఎక్కువే అవుతుంది, కానీ మొత్తం మీద పోయేది తక్కువ. వాటిలో కొన్నింటిని మీ ముఖం తెలియని ఇళ్లకు పంపండి. కాకినాడలో ఒకరికి, వరంగల్‌లో ఒకరికి, బెంగళూరులో ఉన్న తెలుగు కుర్రాళ్ల రూముకు ఒకటి. మీరు మాత్రం అక్కడ ఉండకూడదు. మీరుంటే నియమాలు నోటితో చెప్పేస్తారు, మొహమాటానికి వాళ్లూ నవ్వుతారు. పెట్టెలోని కాగితం చదివి వాళ్లంతట వాళ్లు ఆడగలిగారా, ఎక్కడ తికమకపడ్డారు, ఏ కార్డులు ఎవరూ వేయలేదు అన్నవి రాసి పంపమనండి. ఆ తర్వాతే వాట్సాప్‌లో ముందస్తు ఆర్డర్లు, డబ్బుతో సహా, తీసుకోండి. ఎన్ని వస్తే దాన్ని బట్టి పెద్ద సంఖ్యకు వాడే ఆఫ్‌సెట్‌కు వెళ్లండి.

హీరోల ఫొటోలన్నీ తీసేయండి. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, తన పేరూ రూపమూ అనుమతి లేకుండా వాడుకోకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఆ గొడవ మీకెందుకు? అయితే ప్రశ్నకు జవాబు కార్డు వేసే పద్ధతిని వాడుకోవచ్చు, అది ఎవరి సొత్తూ కాదు. 1999లో వచ్చిన కార్డుల ఆట యాపిల్స్ టు యాపిల్స్‌లోనూ అలాంటిదే ఉంది. మీరు రాసిన మాటలు, గీసిన బొమ్మలు మాత్రం మీవే. ఆట పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయాలంటే 28వ తరగతి కింద దరఖాస్తు చేసుకోవాలి.

పెట్టె మీద ఎమ్మార్పీ, తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం ఉండాలి. రాష్ట్రం దాటి అమ్మితే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ నంబరు కావాలి. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 నుంచి బీఐఎస్ గుర్తు తప్పనిసరి. కాబట్టి "పిల్లలకు" అని పెట్టె మీద వేసే ముందు తెలిసినవాళ్లను అడగండి.

అక్షరాల విషయంలో మామ్మను దృష్టిలో పెట్టుకోండి. పేకముక్క సైజు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 పొడవు. అందులో రెండు వాక్యాలు ఇరికిస్తే వత్తులు, గుడులు ఒకదాని మీద ఒకటి ఎక్కి మసకగా పడతాయి. మాట తగ్గించి అక్షరం పెంచండి. మండలి, రామభద్ర వంటి ఫాంట్లు వ్యాపారానికీ ఉచితంగా దొరుకుతాయి.

నాన్నగారి మీద కోపం పెట్టుకోకండి. పేకాటతో కొంపలు మునగడం చూసిన తరం వాళ్లది. డబ్బు పందెం లేని ఆట అని నియమాల్లో మొదటి వాక్యంగా రాసి, మొదటి పెట్టె ఆయన చేతికివ్వండి.

స్నేహితురాలితో ఖర్చు, లాభం, కార్డుల మీద చివరి మాట ఎవరిదన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఆమె డబ్బు పెట్టకుండా మీ డబ్బు మీద మసాలా కార్డులు ఉంచాలంటే ఒప్పుకోవద్దు. 1,000 పెట్టెల ఆర్డరు మాత్రం ఈ సంక్రాంతికి ఇవ్వకండి.