గెలిచినవాడి కన్నీరు

గత జాతుల ఉత్థాన పతనాలను చూసి గుణపాఠం నేర్చుకోమని దివ్యఖుర్ఆన్ మనల్ని పదే పదే హెచ్చరిస్తోంది. ఆద్, సమూద్ జాతుల గాథలు మనకు తెలిసినవే. ఈసారి మధ్యధరా సముద్ర తీరంలోని రెండు రాజ్యాల చరిత్రను పరిశీలిద్దాం. ఒకటి రోమ్, రెండవది కార్తేజ్.

కార్తేజ్ నగరం నేటి ట్యునీషియా తీరంలో ఉండేది. సముద్ర వర్తకంతో అది మహా సంపన్న రాజ్యమైంది. సిసిలీ ద్వీపం విషయంలో దానికీ రోమ్‌కూ తగాదా వచ్చింది. క్రీ.పూ. 264 నుండి 146 మధ్య వాటి మధ్య మూడు యుద్ధాలు జరిగాయి.

మొదటి యుద్ధంలో రోమ్ గెలిచింది. ఓడిన కార్తేజ్ తన కిరాయి సైనికులకు ఇవ్వవలసిన జీతాల దగ్గర బేరమాడింది. వారు తిరగబడ్డారు. ఆ కష్టకాలం చూసి రోమ్ సంధిని పక్కనబెట్టి సార్డీనియా ద్వీపాన్ని కాజేసింది. ఆ అన్యాయమే రెండవ యుద్ధానికి బీజం వేసింది. కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీలో దిగాడు. క్రీ.పూ. 216లో కన్నే వద్ద రోమన్ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. ఇక రోమ్ పని అయిపోయిందనే అనిపించింది. కాని 202లో జామా వద్ద హన్నిబాలే ఓడిపోయాడు.

ఇక మూడవ యుద్ధం. అప్పటికి కార్తేజ్ బలం ఉడిగిపోయింది. అనుమతి లేకుండా పొరుగు రాజుతో యుద్ధం చేసిందన్న నెపంతో రోమ్ దానిపైకి వచ్చింది. 300 మంది పెద్దింటి పిల్లల్ని తాకట్టుగా అడిగితే ఇచ్చారు. ఆయుధాలన్నీ అప్పగించమంటే అప్పగించారు. అప్పుడు అసలు మాట బయటపెట్టారు: ‘మీ నగరాన్ని వదిలి సముద్రానికి దూరంగా పోండి!’ నిరాయుధుల్ని చేసి నమ్మకద్రోహం చేశారన్నమాట. ప్రజలు మూడేళ్లు పోరాడారు. క్రీ.పూ. 146లో నగరం బూడిదైంది. బతికినవారిని బానిసలుగా అమ్మేశారు.

తగలబడుతున్న నగరాన్ని చూసి రోమన్ సేనాని సిపియో కన్నీరు పెట్టుకున్నాడట. ఒకనాడు తన రోమ్‌కూ ఇదే గతి పడుతుందని అతను భయపడ్డాడు. పక్కనే ఉన్న చరిత్రకారుడు పోలిబియస్ ఈ సంగతి రాసిపెట్టాడు.

ఆ భయం నిజమైంది. పదమూడేళ్లు తిరక్కుండానే రోమ్ వీధుల్లో రోమన్లే ఒకరినొకరు చంపుకున్నారు. క్రీ.శ. 455లో వాండల్ జాతి రాజు రోమ్‌ను దోచుకున్నాడు. అతని ఓడలు బయలుదేరింది ఎక్కడినుండో తెలుసా? రోమన్లే మళ్లీ కట్టుకున్న ఆ కార్తేజ్ రేవు నుండే!

తర్వాత 698లో ఆ నగరం ముస్లింల వశమైంది. దాని చెంతనే ట్యూనిస్ ఎదిగింది. 1332లో అక్కడే పుట్టిన ఇబ్నె ఖల్దూన్ ముస్లిం రాజ్యాలు కూడా భోగలాలసతో, అన్యాయంతో కూలిపోయిన తీరును నిర్మొహమాటంగా వివరించాడు. అల్లాహ్ నియమం ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

గెలుపు కూడా ఒక పరీక్షే. బలవంతుడితో చేసిన ఒప్పందాన్ని భయంతోనైనా నిలబెట్టుకుంటాం. బలహీనుడికి ఇచ్చిన మాట దగ్గరే మన ఈమాన్ బయటపడుతుంది. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే మాయిదా సూరా మొదలవుతుంది. మనకు రాజ్యాలు లేకపోవచ్చు. కాని భార్యకు బాకీపడిన మహర్ ఉంది, కూలివానికి ఇవ్వవలసిన డబ్బు ఉంది, అనాథ మేనల్లుడి వాటా ఉంది. వారు మనల్ని నిలదీయలేరు. నిలదీసేవాడు అల్లాహ్ ఉన్నాడు. ఈ రాత్రే ఆ లెక్క చూసుకుందాం.