తేనె, పత్తి మందు: ఒక పాత ల్యాబు మనిషి అనుభవ పాఠాలు

నారాయణఖేడ్‌లో తేనె సీసా కొన్నవాళ్లు దాన్ని నా దగ్గరికి తెస్తుంటారు. ల్యాబులో పనిచేసి వచ్చినవాణ్ణి కదా. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. "కాకా, నీళ్లల్ల ఏస్తే సక్కగ అడుక్కు పోయింది, అసలుదే గదా?" అంటారు. అడుక్కు పోతే చిక్కగా ఉందని తెలుస్తుంది, అంతే. చిక్కటి పాకమూ అలాగే పోతుంది. అగ్గిపుల్ల, బొటనవేలు పరీక్షలూ ఆ బాపతే. పత్తికి వాడే ఇమిడాక్లోప్రిడ్ తేనెలో ఉంటే వీటిలో దేనికీ దొరకదు.

2. ల్యాబుకు పోయేముందు చేను చూడాలి. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. మన నల్లరేగడిలో పత్తి, కంది ఎక్కువ. పత్తి విత్తనం చాలామటుకు మందు పట్టించే వస్తుంది. అది మొక్కంతా పాకి మకరందం, పుప్పొడి దాకా చేరుతుంది. ఆపైన పచ్చదోమకని, కందిలో కాయతొలుచు పురుగుకని పిచికారీలు. తేనెటీగ గట్లు చూసి ఆగదు, కిలోమీటర్ల దూరం పోతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల ఆడవాళ్లు ఏళ్లుగా మందుల్లేకుండా జొన్న, కొర్ర పండిస్తున్నారు. ఆ ధాన్యానికి నేను హామీ ఇస్తాను. పక్కన పత్తి ఉంటే అక్కడి తేనెకు మాత్రం ఇవ్వలేను. అందుకే తేనెపట్టు ఎక్కడ కోశారు, ఏ నెలలో, చుట్టూ ఏం పూసింది, ఏ మందు కొట్టారు అన్నీ రాసి పట్టుకెళ్లండి. యంత్రం అడిగిన మందునే వెతుకుతుంది. "విషం ఉందేమో చూడండి" అంటే ఏం వెతకాలో దానికి తెలియదు.

3. కల్తీ వేరు, మందు అవశేషం వేరు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2010లో 12 తేనెలు పరీక్షిస్తే 11 నమూనాల్లో యాంటీబయాటిక్స్ బయటపడ్డాయి. అదే సంస్థ 2020లో 13 బ్రాండ్లలో చక్కెర పాకం కోసం చూసింది, అన్ని పరీక్షలూ దాటినవి మూడే. యాంటీబయాటిక్స్ పెట్టెల్లో పెంచే ఈగలకు రోగం వస్తే వాడేవి. చెట్టు మీది పెద్ద పట్టుకు ఎవరూ మందు పెట్టరు. దాని విషయంలో మీ డబ్బు పురుగుమందుల పరీక్షకే పెట్టండి.

4. అంకెలు చూసి బెదరొద్దు. ఒక పీపీబీ అంటే వెయ్యి కిలోల తేనెలో ఒక మిల్లీగ్రాము. 2017లో ప్రపంచమంతటి నుంచి తెచ్చిన 198 తేనెలు పరీక్షిస్తే, నాలుగింట మూడు వంతుల్లో ఇమిడాక్లోప్రిడ్ జాతి మందులు కనిపించాయి. దాదాపు అన్నిట్లోనూ మనిషికి పెట్టిన పరిమితి లోపలే. ఈగకు మాత్రం ఆ కొంచెమూ చేటు చేయొచ్చు. 'నాట్ డిటెక్టెడ్' అని వస్తే సంబరపడేముందు ఎన్ని పీపీబీల దాకా చూశారో అడగండి. యాభై దాకానే చూసే చోట నలభై ఉన్నా కనపడదు.

5. కాచితే మందు పోతుందనుకోకండి. తేనె చెడుతుంది, అంతే.

6. నమూనాకు కొత్త గాజు సీసా వాడండి. మందు డబ్బా కడిగి అందులో పోసి తెస్తే డబ్బాకే పరీక్ష జరుగుతుంది.

7. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. మన రాష్ట్ర ల్యాబు హైదరాబాద్ నాచారంలో ఉంది. చట్టానికి విరుద్ధంగా ఉందని నివేదిక వస్తే ఫీజు వాపసు. రసీదు భద్రంగా పెట్టుకోండి. తేనె కొన్న బిల్లు కూడా. అంగడిలో బిల్లెవరిస్తారంటారా, అడిగి చూడండి.