ఈస్ట్ కణం రాసే ఇంపోజిషన్

మనలో ఇంపోజిషన్ రాయనివాళ్ళు ఉండరు. ఒకే వాక్యాన్ని వందసార్లు రాస్తుంటే మధ్యలో ఎవరో పిలుస్తారు. తిరిగివచ్చి చూస్తే ఎక్కడ ఆపామో తెలియదు, అన్ని వరుసలూ ఒకేలా ఉంటాయి కదా! లెక్క తక్కువైనా అవుతుంది, ఎక్కువైనా అవుతుంది. సరిగ్గా ఇదే చిక్కు జీవకణానికీ ఉంది. కణం దాన్ని ఎలా అదుపు చేస్తుందో శాస్త్రవేత్తలు ముఖ్యంగా ఈస్ట్ నుంచి నేర్చుకున్నారు. మనం తినే బన్నును పొంగించేది ఈ ఏకకణ శిలీంధ్రమే. దీని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియే.

పునరావృత డి.ఎన్.ఎ. అంటే ఏమిటి?

ఈస్ట్ కణంలో 16 క్రోమోజోములు, వాటిలో సుమారు 1.2 కోట్ల క్షార జతలు ఉంటాయి. 12వ క్రోమోజోములో సుమారు 9,100 జతల పొడవున్న ఒకే భాగం దాదాపు 150 సార్లు వరుసగా వస్తుంది. రైబోసోముల తయారీకి కావలసిన ఆర్.ఎన్.ఎ. జన్యువులు ఇవి. వేగంగా పెరిగే ఈస్ట్ కణం నిమిషానికి సుమారు 2,000 రైబోసోములను తయారుచేస్తుంది. ఒక్క ప్రతితో అంత పని సాగదు. అందుకే ఇన్ని ప్రతులు.

ప్రమాదం ఎక్కడుంది?

డి.ఎన్.ఎ. పోగు తెగితే, కణం తనలో ఉన్న అలాంటి మరో పోగును చూసి బాగుచేసుకుంటుంది. ఇందులో పోగుల మధ్య ముక్కలు మారడాన్నే పునఃసంయోజనం అంటాము. మామూలు జన్యువుకు సోదర క్రోమాటిడ్‌లో సరైన జోడు ఒక్కటే కాబట్టి చిక్కు లేదు. ఇక్కడ 150 జోడులు! పక్క ప్రతితో జతపడితే ఒక పోగుకు ప్రతులు పెరుగుతాయి, రెండో దానికి తగ్గుతాయి. ఒకే పోగులోని రెండు ప్రతులు కలిస్తే మధ్య భాగం వలయంలా ఊడివస్తుంది. ఈస్ట్‌లో ఈ అసమాన మార్పిడిని 1980లో థామస్ పీట్స్ ఒకవైపు, జాక్ షోస్టాక్, రే వూ మరోవైపు చూపించారు.

కణం పెట్టుకున్న కాపలాలు

మొదటిది, పోగులను కట్టి ఉంచడం. ప్రతి భాగంలోనూ ఫాబ్-1 అనే ప్రోటీన్ కూర్చునే చోటు ఒకటి ఉంది. ప్రతికృతి యంత్రాంగం అక్కడికి రాగానే ఆగిపోతుంది. ఆగకపోతే ఎదురుగా ఆర్.ఎన్.ఎ. తయారుచేస్తూ వచ్చే యంత్రాంగాన్ని ఢీకొంటుంది. అయితే ఆగినచోట పోగు ఒక్కోసారి తెగుతుంది. అప్పుడు సోదర క్రోమాటిడ్లను కోహెసిన్ అనే ప్రోటీన్ ఉంగరాలు కదలకుండా పట్టి ఉంచితే తెగిన చోటు సరైన జోడుతోనే అతుకుతుంది. పక్కనే ఇ-ప్రో అనే ప్రమోటర్ ఉంది. అది పనిచేస్తే కోహెసిన్ ఊడిపోతుంది. దాన్ని నోరెత్తకుండా చేసేది సిర్-2 అనే ప్రోటీన్. సిర్-2 లేకపోతే ఇక్కడ పునఃసంయోజనం పెరుగుతుందని 1989లోనే తెలిసింది. అది ఎలా జరుగుతుందో 2005లో తకెహికో కొబయాషి, ఆస్టిన్ గాన్లీ వివరించారు.

రెండోది, చోటు మార్చడం. ఈ జన్యువులు కేంద్రకాంశంలో ఉంటాయి. పునఃసంయోజనానికి అవసరమైన రాడ్-52 ప్రోటీన్ అక్కడ గుమిగూడకుండా కణం చూస్తుంది. తెగిన చోటు కేంద్రకాంశం బయటికి వచ్చాకే రాడ్-52 దాని దగ్గర చేరుతుందని 2007లో తేలింది.

మూడోది, క్షయకరణ విభజనలో కట్టడి. ఆ సమయంలో కణం తన డి.ఎన్.ఎ.ను తానే చాలాచోట్ల కోస్తుంది. కానీ ఈ వరుసలోనూ దాని అంచుల్లోనూ కోతలు పడకుండా అడ్డుకుంటుంది. అంచులను కాపాడేవాటిలో పి.సి.హెచ్.-2 ప్రోటీన్ ఒకటని 2011లో తెలిసింది.

పూర్తిగా ఆపేస్తే సరిపోదా?

సరిపోదు. అలా చేస్తే పోయిన ప్రతులు మళ్ళీ రావు. అందుకే ప్రతులు తగ్గినప్పుడు కణం తాళం తానే తీస్తుంది. సిర్-2 తగ్గుతుంది, ఇ-ప్రో మేలుకుంటుంది, పోగులు వదులై ప్రతులు పెరిగే అవకాశం వస్తుంది.

మరి తగ్గాయని కణానికి ఎలా తెలుస్తుంది? భోజనాల గంట కొట్టాక మిగిలిన పళ్ళేలను బట్టి ఎంతమంది రాలేదో వంటమనిషికి తెలిసిపోతుంది కదా! ఇదీ అంతే. యు.ఎ.ఎఫ్. అనే ప్రోటీన్ల గుంపు ఈ జన్యువుల మీద కూర్చుంటుంది. ప్రతులు తక్కువైతే కొన్ని గుంపులకు చోటు దొరకదు. అవి వెళ్ళి సిర్-2 జన్యువు మీద కూర్చుని దాని పనిని తగ్గిస్తాయి. ప్రతులు పెరిగాక మిగులు ఉండదు, సిర్-2 మళ్ళీ పెరుగుతుంది. దీన్ని ఈడా, కొబయాషి 2019లో ప్రకటించారు.

కాపలా తప్పితే?

ఊడివచ్చిన వలయాలు తల్లి కణంలోనే పోగుపడతాయని 1997లో డేవిడ్ సింక్లెయిర్, లియొనార్డ్ గ్వారెంటే చూపించారు. సిర్-2 లేని తల్లి కణం తక్కువ విభజనలకే చనిపోతుంది. ఫాబ్-1 లేనిది వలయాలు తగ్గి ఎక్కువ విభజనలు బ్రతుకుతుంది. అయితే ముసలితనానికి వలయాలే కారణమా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

మనుషుల్లోనూ ఇలాంటి పొరపాటు జరుగుతుంది. 16వ క్రోమోజోములో రెండు ఆల్ఫా గ్లోబిన్ జన్యువులు పక్కపక్కనే, దాదాపు ఒకేలా ఉంటాయి. జత తప్పి మార్పిడి జరిగితే ఒక్కటే మిగులుతుంది. ఆల్ఫా తలసీమియాలో తరచుగా కనిపించే రకం ఇలాగే వస్తుంది. మన ప్రాంతంలోని కొన్ని ఆదివాసీ సమూహాల్లోనూ ఇది ఎక్కువే.

ముగింపు

పునఃసంయోజనం వల్ల వైవిధ్యం వస్తుందని మనం పాఠంలో చదువుకుంటాము. అది నిజమే. కానీ ఒకేలాంటి వరుసలున్న చోట అదే ప్రమాదం, అదే మందు కూడా. కణం దాన్ని పూర్తిగా నిషేధించదు, పూర్తిగా వదిలేయదు. లెక్క చూసుకుని తాళం వేస్తుంది, లెక్క చూసుకునే తీస్తుంది. ఈసారి బన్ను తినేటప్పుడు దాన్ని పొంగించిన ఆ చిన్న కణాల లెక్కను ఒక్కసారి గుర్తుచేసుకోండి.