ట్రాక్టరు స్టార్టరు మోటారు: ఇంటియొద్దనే పరీక్షించి బాగుచేసికొను విధము



తొలకరి పదునులో ఒక్క దినము జాఱిపోయినను ఆ లోటు పంట ఇల్లు చేరువఱకు తీరదు. అట్టి వేళ ట్రాక్టరు తాళపుచెవి త్రిప్పగా టక్కుమను చప్పుడు మాత్రము వినవచ్చి ఇంజను తిరుగకుండెనేని, మోటారు కాలిపోయినదని తలచి, దానిని విప్పి పట్టణమునకు గొనిపోవుట మన గ్రామములందు వాడుక. అట్లు విప్పబడిన మోటారులలో మేము చూచిన పెక్కింటియందు దోషమే లేదు. దోషము బ్యాటరీయందో, తీగెల కొనలయందో యుండెను. కావున విప్పుటకు ముందు విద్యుత్తు ఎచ్చట ఆగిపోవుచున్నదో కనుగొనవలెను. ఈ పాఠమునకు సారమిదియే.

మోటారు పనిచేయు విధము

పూర్వము మోటారు కార్ల ఇంజనులను చేతిపిడితో త్రిప్పెడివారు. అమెరికా దేశమున చార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో అమర్చబడెను. మనము సెల్ఫు అని పిలుచునది ఇదియే. తాళపుచెవి త్రిప్పగానే కొద్దిపాటి విద్యుత్తు సోలినాయిడునకు పోవును. అది పినియను అను చిన్న పండ్లచక్రమును ముందునకు త్రోసి ఫ్లైవీలు పండ్లతో కలుపును. వెంటనే బ్యాటరీనుండి మోటారునకు పెద్ద దారిని తెఱచును. ఆ కొలది క్షణములలో నూఱులకొలది ఆంపియర్ల విద్యుత్తు ప్రవహింపవలెను. తూములో మట్టి పూడిన కాలువ నిండుగా నున్నను చేనికి నీరందనట్లే, తీగె కొనను చిలుము పట్టిన యెడల బ్యాటరీ నిండుగా నున్నను మోటారు తిరుగదు.

ముందు జాగ్రత్తలు

గేరును న్యూట్రలులో నుంచి, బ్రేకు బిగించి, చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలెను. చేతి ఉంగరము, కడియము తీసివేయవలెను. బ్యాటరీనుండి మండెడు వాయువు వెలువడును గనుక దరిని చుట్ట, బీడీ కాల్చరాదు. తీగెలు విప్పునపుడు ఎర్తు తీగెను మొదట విప్పి, బిగించునపుడు దానిని కడపట బిగింపవలెను.

పరీక్షాక్రమము

1. బ్యాటరీ: కొన్ని గంటలు ఊరకున్న పిదప కొలిచిన 12.6 వోల్టులున్నచో అది నిండుగా నున్నట్లు. 12 కు దిగినచో దాదాపు ఖాళీ యైనట్లు. సెల్ఫు కొట్టునపుడు 9.6 కంటె తగ్గినచో బ్యాటరీ బలహీనమైనదని అనుమానింపవలెను. మీటరు లేనివారు ముందుదీపములు వెలిగించి తాళము త్రిప్పవలెను. దీపములు మిక్కిలి మసకబాఱినచో దోషము బ్యాటరీయందో తీగె కొనలయందో యుండుట మెండు. అవి చక్కగా వెలుగుచుండియు మోటారు కదలనిచో దోషము ఆవలనున్నది.

2. తీగెల కొనలు: తెల్లని, పచ్చని పొడి కట్టినచో వంటసోడా కలిపిన నీటితో కడిగి, తళతళలాడునట్లు రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలీను పూయవలెను. సోడానీరు బ్యాటరీలోనికి పోరాదు. ఎర్తు తీగె బండియినుమును తాకుచోట రంగును, త్రుప్పును గీకివేయవలెను. ఈ చోటును మఱచువారే మెండు.

3. సోలినాయిడు: చప్పుడే లేనిచో తాళమునుండి వచ్చు సన్నతీగెను, క్లచ్చు లేక గేరు దగ్గఱనుండు రక్షణస్విచ్చిని చూడవలెను. చప్పుడైనను మోటారు తిరుగనిచో, ఒకరు తాళము త్రిప్పుచుండగా సోలినాయిడు పెద్దబోల్టులు రెండింటిని మీటరుతో కొలువవలెను. బ్యాటరీవైపు విద్యుత్తుండి మోటారువైపు లేనియెడల సోలినాయిడు లోపలి కొనలు మాడినట్లు. రెండువైపులను ఉన్నయెడల అప్పుడు మోటారును విప్పవలెను.

4. మోటారు: విప్పుటకు ముందు భాగముల అతుకులపై గుర్తు గీచుకొనవలెను. బ్రష్షులు క్రొత్తవానిలో సగమునకు అరిగినచో మార్చవలెను. అవి తమ గూళ్లలో సులువుగా కదలవలెను. కమ్యుటేటరును సన్నని ఉప్పుకాగితముతో తుడువవలెను. ఎమరీ కాగితము వాడరాదు, దాని పొడి విద్యుత్తును ప్రసరింపజేయగలదు. బుష్షులు అరిగినచో ఆర్మేచరు ప్రక్కలకు రాచుకొనిన గీతలు కనబడును. ఆర్మేచరును కిరసనాయిలులో ముంచరాదు. పినియనుకు గ్రీజు దట్టముగ పూసినచో దుమ్ము అంటుకొని అది చిక్కుకొనును. తీగెచుట్లు మాడి కంపుకొట్టుచున్నచో అది ఇంటిపని కాదు, పనివానికి అప్పగింపవలెను.

తాళము పనిచేయనపుడు క్రింద నిలిచి స్క్రూడ్రైవరుతో సోలినాయిడు బోల్టులను కలిపి ఇంజను నడపుట పలుచోట్ల కానవచ్చుచున్నది. ఇట్లు చేసిన రక్షణస్విచ్చి నిరుపయోగమగును. గేరు పడియున్నచో ట్రాక్టరు తత్‌క్షణమే ముందునకు దుమికి, ప్రక్కన నిలిచినవానిపై వెనుకచక్రమును ఎక్కించును. ఎంత తొందర పనియైనను ఇది కూడదు. ఆసనముపై కూర్చుండియే ఇంజను నడపవలెను.

ప్రతి సంఘమును ఒక మల్టీమీటరును కొని సభ్యులకు వంతులవారీగా ఇచ్చుట మేలు. దుక్కులకు ముందే, పని తక్కువగా నున్న దినములలో తీగెల కొనలను శుభ్రపఱచుకొన్న రైతునకు తొలకరినాడు తొందర యుండదు; తొందర లేనివాడు స్క్రూడ్రైవరు జోలికి పోడు. తప్పిన పదును మరల దొరకవచ్చును గాని పోయిన ప్రాణము రాదు.